మెతుకు పట్టి చూచుట

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గృహిణి కుండలోని అన్నమంతయు పట్టి చూడదు. ఒక్క మెతుకు పట్టి చూచును. వడ్డనకు ముందు జరుగు ఈ చిన్న పరీక్ష వలననే పంక్తిలో కూర్చున్నవారికి ఉడకని అన్నము తినవలసిన అగత్యము తప్పుచున్నది. ఇంటర్నెట్టు పుటలను తెరచి చూపు సాధనమగు బ్రౌజరు విషయమునను ఇట్టి పరీక్ష యొకటి కలదు.

బ్రౌజరు ద్వారా నేడు జనులు పాఠములు చదువుచున్నారు. బ్యాంకు పనులు జరుపుకొనుచున్నారు. పరీక్షా ఫలితములు చూచుకొనుచున్నారు. అందు క్రొత్తగా చేర్చిన సదుపాయములో లోపమున్నచో కోట్లకొలది ప్రజలకు ఇబ్బంది కలుగవచ్చును. కావున గూగుల్ సంస్థవారు 2008లో వెలువరించిన క్రోమ్ బ్రౌజరునకు 2010లో 'కెనరీ' యను ప్రయోగరూపమును ఏర్పరచిరి. మొజిల్లావారి ఫైర్‌ఫాక్స్‌నకును 'నైట్లీ' యను అట్టి రూపము కలదు. క్రొత్త మార్పులు మొదట వీనిలో చేరును. పిదప బీటా మొదలగు మెట్లు దాటి నిలిచినవే ఎల్లరకును అందును.

కెనరీ యనునది ఒక చిన్న పక్షి. పూర్వము బ్రిటను బొగ్గుగనులలోనికి దిగువారు దానిని పంజరమున నుంచి వెంట కొనిపోయెడివారు. కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. ఆ విషము సోకినచో మనుష్యులకంటె ముందుగా పక్షి సోలిపోవును. అది చూచి వారు వెలుపలికి వచ్చి ప్రాణములు దక్కించుకొనెడివారు. 1986లో ఆ పక్షులకు బదులుగా యంత్రములను వాడ నిశ్చయించిరి.

మెతుకునకును పక్షికిని లేని శక్తి మానవునకు కలదు, అది వాక్కు. ప్రయోగరూపమును వాడువాడు 'ఇది పనిచేయలేదు' అని విసుగుకొని ఊరకున్నచో వాని శ్రమ వ్యర్థము. తాను ఏమి చేసెనో, ఏమి జరుగునని తలచెనో, నిజముగా ఏమి జరిగెనో వరుసగా వ్రాసి, దానిని తయారుచేసినవారికి తెలుపవలయును. ఒక కుండలోని మెతుకులు ఒక్కతీరుననే యుండును, కంప్యూటరులు అట్లుండవు. ఒకదానియందు చక్కగా నడచినది వేరొకదానియందు నిలిచిపోవచ్చును. కావుననే పలువురి మాట అవసరమగుచున్నది.

పరీక్షించువానికి జాగ్రత్తయు వలయును. కెనరీని వాడుకలోనున్న క్రోమ్ ప్రక్కనే విడిగా ఉంచుకొనవచ్చును. రుసుము చెల్లించుట, దరఖాస్తు పంపుట మొదలగు ముఖ్యకార్యములు స్థిరమైన బ్రౌజరులోనే చేసికొనుట వివేకము.

తనకు కనబడిన లోపమును ఒకడు ఓపికతో తెలిపినచో, వాని పేరైన నెరుగని వేలమంది ఆ చిక్కునుండి తప్పించుకొందురు.