హిందుస్థాన్ షిప్‌యార్డ్: సింధియా నుంచి రక్షణ శాఖ వరకు

విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు పునాది వేసింది ప్రభుత్వం కాదు, ప్రైవేటు సంస్థ. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అధినేత వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో 1941 జూన్ 21న డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. బ్రిటిష్ పాలనలో భారతీయ పెట్టుబడితో భారీ ఓడలు కట్టబూనడం చిన్న సాహసం కాదు. మరుసటి ఏడు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. యుద్ధం ముగిశాకే పనులు ఊపందుకున్నాయి. స్వతంత్ర భారతంలో ఇక్కడ తయారైన తొలి ఓడ 'జల ఉష'ను 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు. దాని సామర్థ్యం సుమారు 8,000 టన్నులు.

1952లో కేంద్రం మూడింట రెండు వంతుల వాటా కొనడంతో ప్రస్తుత పేరు వచ్చింది. 1961లో సంస్థ పూర్తిగా ప్రభుత్వపరమైంది.

యార్డుతోపాటే చుట్టుపక్కల కార్మిక వాడలూ పెరిగాయి. గాంధీగ్రామ్‌లో ఉద్యోగుల కాలనీ వెలసింది. మల్కాపురం వైపు జనం చేరారు. కంపెనీ చేతులు మారినా 'సింధియా' కూడలి పేరు మాత్రం మారలేదు.

2010లో యార్డు నౌకాయాన శాఖ నుంచి రక్షణ శాఖకు బదిలీ అయింది. క్షిపణుల జాడ పట్టే ఐఎన్‌ఎస్ ధ్రువ్ ఇక్కడిదే. నౌకాదళానికి 5 ఫ్లీట్ సపోర్ట్ నౌకలు నిర్మించే ఒప్పందం 2023లో కుదిరింది. ఈ యార్డుతో చాలామంది తికమకపడే నేవల్ డాక్‌యార్డ్ వేరు. అది నేరుగా నౌకాదళం నడిపే మరమ్మతు కేంద్రం.