శామీర్‌పేట నుండి మూసీ దాకా

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపనం పూసుకొని క్షణకాలంలో హిమాలయాన్ని చేరుకున్నాడు. మంచుకు ఆ లేపనం కరిగిపోయింది. ఇంటికి మరలే దారి తెలియక అతడు పడిన వేదన విద్యార్థులకు తెలిసినదే. ఔటర్ రింగ్ రోడ్డు మీద మేడ్చల్ నుండి శంషాబాదుకు గంటలో చేరుకొనే నేటి ప్రయాణికుణ్ణి చూసినప్పుడల్లా నాకు ప్రవరుడు గుర్తుకు వస్తాడు. చేరవలసిన చోటికి చేరుతున్నాడు, దారి మాత్రం ఎరుగడు.

ఒకనాడు తరగతిలో ప్రబంధాలలోని పురవర్ణనలను గురించి చెబుతూ, మన రాజధానిని మనమెన్నడైనా నింపాదిగా చూశామా అని ప్రశ్నించాను. ఎవరూ పలుకలేదు. "వచ్చే ఆదివారం సైకిళ్ళ మీద చార్మినారు దాకా వెళదాం" అన్నాను. వెనుక బెంచీ నుండి అలియాబాదు విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఆరు రోజులు తొక్కుకుంటూనే వస్తున్నాను. ఏడోనాడు కూడానా?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకున్నది. నాకు విహారమైనది వానికి నిత్యావసరం. అయినా ఆదివారం తెల్లవారకముందే శామీర్‌పేట చెరువు దగ్గరికి అందరికంటే ముందు వచ్చినవాడు అతడే.

రాజీవ్ రహదారి మీదుగా తూంకుంట, హకీంపేట దాటినాము. అక్కడి నుండి నేల దక్షిణానికి మెల్లగా వాలుతుంది. ఆ వాలున పడిన వాననీరు హుస్సేన్‌సాగరుకు, అక్కడి నుండి మూసీకి చేరుతుంది. బస్సులో ఎన్నో ఏళ్ళు తిరిగిన నాకు ఈ సంగతి ఆనాడు కాళ్ళు చెప్పినవి! బొల్లారంలో 1860లో కట్టిన రాష్ట్రపతి నిలయం ముందు కొంతసేపు ఆగాము. 2023 నుండి దానిని ఏడాది పొడవునా ప్రజలు దర్శించవచ్చు.

ట్యాంక్‌బండ్ మీద ఆలస్యమైనందుకు తప్పు నాదే. కుతుబ్‌షాహీల కాలపు ఆ కట్ట మీద 1986లో తెలుగు మహనీయుల విగ్రహాలు నెలకొల్పారు. 2011 మార్చిలో ఉద్యమ సమయంలో కొన్ని ధ్వంసమై, తిరిగి ప్రతిష్ఠింపబడినవి. కారులో వెళ్ళేవానికి నన్నయ, తిక్కన, మొల్ల అందరూ ఒకే నీడగా కదిలిపోతారు. సైకిలు మీద వెళ్ళేవాడు పేరు చదివి, కాలు నేల మీద ఆనించి, తలెత్తి చూడగలడు. మొల్ల ముందు ఒక విద్యార్థిని చాలాసేపు నిలిచింది. నేను పాఠం చెప్పబోయి మానుకున్నాను.

అఫ్జల్‌గంజ్ చేరేసరికి ఎండ ముదిరింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని బలిగొన్నది. నాడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నూట యాభై మందిని కాపాడినదని చెబుతారు. ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలసినవి. నదికి ఇరుగట్లా హైకోర్టు, సిటీ కాలేజీ, ఆసుపత్రి భవనాలు లేచినవి. ఎగువన ఉన్న పురానాపూల్ 1578 నాటిది. చార్మినారు 1591 నాటిది కనుక, ఈ వంతెన నగరం కంటే పదమూడేళ్ళు పెద్దదన్నమాట.

ఇంతటి నదీతీరంలో నీటి పక్కన తొక్కుకుంటూ పోయే బాట మాకు దొరకలేదు. నయాపూల్ మీద నిలిచి ముక్కు మూసుకొని కిందికి చూశాము. పారిస్‌లో సేన్ నది ఒడ్డున 1967లో కార్ల కోసం వేసిన రహదారిని 2016లో మూసివేసి పాదచారులకు, సైకిళ్ళకు విడిచిపెట్టారని చెప్పాను. "అక్కడ నీళ్ళు వాసన రావేమో సార్" అన్నది ఒక అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు.

మన నగరంలోనూ సైకిలుబాట లేకపోలేదు. 2023 అక్టోబరులో నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపున ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల బాటను ప్రారంభించారు. వ్యాయామానికి అది మేలైనదే. కాని అది పడమటి దిక్కున ఉన్నది. కళాశాలకు సైకిలుపై వచ్చే అలియాబాదు పిల్లవానికి అది అక్కరకు రాదు. 2024 మార్చిలో ప్యారడైజు నుండి శామీర్‌పేట వరకు ఎత్తైన వంతెన రహదారికి శంకుస్థాపన జరిగినది. కార్లు పైకెక్కిన తరువాత కింది నేల మీద ఒక బారెడు చోటు సైకిలుకు మిగులుతుందా? స్తంభాలు లేచిన తరువాత అడిగి ప్రయోజనం లేని ప్రశ్న ఇది.

పత్తర్‌గట్టి తోరణాల కింద టీ తాగి, చార్మినారు చుట్టూ సైకిళ్ళను నడిపించుకుంటూ తిరిగి, మధ్యాహ్నం వెనుదిరిగాము. వచ్చేటప్పుడు వాలైనది పోయేటప్పుడు ఎక్కుడైనది. నా వయసు నాకు బాగా తెలిసివచ్చినది. హకీంపేట దాటేసరికి పొద్దు వాలినది, లారీలు ఎక్కువైనవి. నా చక్రం తడబడటం చూసి అలియాబాదు విద్యార్థి వెనుక నుండి వచ్చి నాకు కుడివైపున చేరాడు.

"మీరు అంచున తొక్కండి సార్. లారీల వైపు నేనుంటాను. ఈ దారి నాకు తెలుసు."