ఓడ జాబితాల్లో మన ఊళ్ళు



ఇంగ్లండులో 1538 నుంచి చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రిజిస్టర్లలో రాస్తూ వచ్చారు. ఆ పాత చేతిరాతను ఓపికగా చదివి, వంశవృక్షం వెతుక్కునేవారి కోసం ఉచితంగా నకలు రాసిపెట్టేవారు అక్కడ ఎందరో ఉన్నారు. మరి మన కూలి కుటుంబాల పేర్లు అలా ఎవరు రాశారు? రాసిన చోటు ఒకటి ఉంది. అది ఓడ జాబితా.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు 384 ఓడల్లో 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా అక్కడి నేటాల్‌కు వెళ్ళారు. చెరకు తోటలు, బొగ్గు గనులు, రైలు మార్గాలు వాళ్ళ పని. వారిలో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. మన విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళూ ఉన్నారు. మనిషికొక వరుస: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు.

ఈ జాబితాలను కంప్యూటరులోకి ఎక్కించారు. అయినా పని మిగిలే ఉంది. గుమాస్తా చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసిన ఊరి పేరును డర్బన్‌లోని మునిమనవడు ఎలా పోల్చుకుంటాడు? చికాకోల్ అంటే శ్రీకాకుళమనీ, బిమ్లిపటం అంటే భీమునిపట్నమనీ మనకు తెలుసు. అన్నిటికన్నా చిక్కు జిల్లా పేరుతోనే. 1936 వరకు శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 2022లో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. ఇది తెలియనివారు ఒడిశాలోని గంజాంకు వెళ్ళి వెతికి, వట్టి చేతులతో తిరిగిపోవలసిందే.

నకలు రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టే రాయాలి. తప్పనిపించినా దిద్దకూడదు. మనం పోల్చుకున్న పేరు పక్క గడిలో రాయాలి. సింహాచలం అని ఉంటే మగవాడని అనుకోవద్దు, మన వైపు ఆడవాళ్ళకూ ఆ పేరుంది కదా! కులం గడిలో 'పరయా' వంటి మాట కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. దాన్నీ అలాగే రాయాలని మా అభిప్రాయం. చెరిపేస్తే అవమానం పోదు, మనిషి ఆచూకీ పోతుంది.

మేము ఒక ఆదివారం ఇవే గడులు గీసుకుని సొంత కుటుంబాలతో అభ్యాసం చేశాం. చాలామందిమి ముత్తాత పేరు దగ్గరే ఆగిపోయాం. కూలికి ఓడెక్కి వెళ్ళినవారి మనుమలకు ఆ పైతరం పేరు కాగితం మీద ఉంది. ఊళ్ళో ఉండిపోయిన మనకు లేదు.

ఒకే పుటను ఇద్దరు విడివిడిగా రాయాలి, మూడోవారు పోల్చాలి. తేడా వస్తే మూలం మళ్ళీ చూడాలి. అప్పటికీ తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేయడమే మేలు. ఊహించి ఒక ఊరు రాస్తే, అంత దూరం నుంచి వచ్చినాయన ఆ ఊరి వీధుల్లోనే తిరుగుతాడు.

సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు మామ్మనీ తాతనీ అడిగి మీ ఊరి పాత పేరు, ఎత్తిపోయిన పేటల పేర్లు రాసుకుని రండి. జాబితాలోని ఊరు ఇప్పటి మ్యాపులో దొరకనప్పుడు అవే పనికొస్తాయి.