ప్రయోగశాలకు పోవు మనుమరాలికి

అనంతగిరి.

చిరంజీవి పాపకు తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరము నిన్న అందినది. హాస్టలులో అన్నము బాగున్నదనియు, అరకు చలికి రెండవ దుప్పటి కూడ కప్పుకొనుచున్నాననియు వ్రాసిన మాటలు మీ నాయనమ్మకు రెండుమారులు చదివి వినిపించితిని. కాని ఆమ్లము పుల్లగాను క్షారము చేదుగాను ఉండునని పుస్తకములో ఉన్నది నిజమో కాదో చూచుటకు సున్నపుతేటను వ్రేలితో తాకి నాలుకపై పెట్టుకొంటినన్న ముక్కను మాత్రము మ్రింగివేసితిని. ఆమె విన్నచో ఈపాటికి బొర్రాలో రైలెక్కి ఉండెడిది.

తల్లీ, పుస్తకము రుచిని లక్షణముగా చెప్పినదే గాని, రుచి చూడుమని చెప్పలేదు. చింతపండులోని టార్టారికామ్లమును, మజ్జిగలోని లాక్టికామ్లమును తరతరములవారు తిని హరాయించుకొని మనకప్పగించిరి గనుక వాని పులుపునకు వెరవ బనిలేదు. మయూర్‌భంజ్ కొండవాసులు ఎఱ్ఱచీమలను నూరి చేసికొను పచ్చడికి పులుపునిచ్చు ఫార్మికామ్లమునకును అంతే. ప్రయోగశాలలోని సీసాకు పూచీపడువారెవ్వరు? స్వీడను దేశపు షీలే మహాశయుడు హైడ్రోసయనికామ్లమను ఘోరవిషమునకు సైతము రుచి యెట్టిదో వ్రాసిపెట్టెను. ఆయన 1786లో, 43 ఏండ్లకే గతించెను. రసాయనములే ఆ ఆయువును హరించెనని పలువురి తలంపు. ఆ వయస్సునకు నేనింకను మీ నాన్న బడిఫీజుల లెక్కలు చూచుకొనుచుంటిని!

అదియునుగాక నాలుకకు కొలత తెలియదు. 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఏర్పరచిన పీహెచ్ మానములో 7 తటస్థము, దానికి దిగువ ఆమ్లములు, ఎగువ క్షారములు. మెట్టు మెట్టునకును పదిరెట్లు తేడా. 5 నుండి 2కు దిగినచో వేయిరెట్లు పెరిగిన ఆమ్లత్వమును నీ చిన్ని నాలుక ఏమని లెక్కగట్టును? కోపముతో వ్రాయుచున్నాననుకొనకుము. ఇప్పుడు నాలుక పొక్కలేదు గదా? ఉన్నదున్నట్లు వ్రాయుము.

మా చిన్ననాట బడికి వెల్లవేయు దినములలో గోతిలోని నీటిలో కాల్చిన సున్నపురాళ్ళు వేసెడివారు. పొయ్యి లేకయే ఆ నీరు కుతకుత ఉడుకుచుండగా, కోడిగ్రుడ్డు వేసినచో ఉడుకునా ఉడకదా యని పందెములు వేసికొని మూగెడి మమ్ము, తుంపర కంటబడినచో చూపు పోవునని అరచుచు వెల్లవేయు ముసలాయన కుంచె ఝళిపించి తరిమెడివాడు. గ్రుడ్డు తెచ్చువాడెవ్వడును లేక పందెములన్నియు అట్లే నిలిచిపోయినవి. నీవు నాలుకపై పెట్టుకొన్న తేట ఆ గోతి సున్నమునకు పుట్టినదే సుమా.

రుచికి బదులు నీకు రంగున్నది. పెండ్లికూతురి పాదములకు పెట్టు పారాణియు, దిష్టి తీయు ఎఱ్ఱనీళ్ళును పసుపులో సున్నము కలియుటచేతనే గదా ఎఱ్ఱబారినవి! పసుపు పూసి ఆరబెట్టిన కాగితముపై సబ్బునీరు పడినచోట ఎఱ్ఱనగును. ఆ మచ్చపై నిమ్మరసము వేసినచో, క్షారము తటస్థమై, మరల పచ్చబడును. అయితే వట్టి ఆమ్లమునకు పసుపు చలింపదు గనుక దానికి మందారపూల కషాయము పెట్టుకొనుము. అది ఆమ్లములో ముదురు గులాబి రంగును, క్షారములో ఆకుపచ్చను చూపును.

ఇక ఆ సున్నపుతేటను త్రాగుటకుగాక చూచుటకు వాడుము. మీ మాస్టారు దానిలోనికి బొగ్గుపులుసు వాయువును పంపినచో మొదట పాలవలె తెల్లనగును. ఆపక ఇంకను పంపినచో ఆ తెలుపు కరగి మరల తేటపడును. కాచినచో వాయువు పోయి తెలుపు తిరిగి కనబడును. పోయిన దసరాకు నీవు నోరు తెరచి చూచిన బొర్రా గుహలు ఇట్లేర్పడినవే! వాన నీరు గాలిలోను, నేలలోను ఆ వాయువును కలుపుకొని దుర్బలమైన కార్బానికామ్లమై, సున్నపురాతి పగుళ్ళలో దిగి రాతిని కరగించుకొనిపోవును. గుహకప్పు నుండి బొట్టుబొట్టుగా జారునప్పుడు వాయువు విడిపోగా సున్నపురాయి అచ్చటనే పేరుకొని, పైనుండి ఊడలై దిగి, క్రిందనుండి స్తంభములై లేచును. నీవు మ్రొక్కిన శివలింగమును అట్లు పేరుకొన్న రాయియే. మ్రొక్కుట మానుమనుట లేదు.

పాడేరు సంతలో కొన్న పసుపు కొమ్ములు దంచి పొట్లము కట్టితిని. ఆదివారము మీ నాన్న తెచ్చును. అందులో సగము ప్రయోగములకు, సగము దగ్గు వచ్చినప్పుడు పాలలో వేసికొనుటకు. గాఢామ్లమును నీటిలో కొంచెముకొంచెముగా పోయవలెనే గాని నీటిని ఆమ్లములో పోయరాదన్న సంగతి మీ మాస్టారు చెప్పియే యుందురు, చెప్పకున్న అడుగుము. వారికి నా నమస్కారములు.

ఆశీర్వదించు
తాతయ్య