అప్‌గ్రేడ్‌కు ముందు పాత కెర్నెల్‌ను కాపాడుకోవడం ఎలా?

అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే తెర నల్లగా ఉండిపోతుంది, లేదా వైఫై మాయమవుతుంది. కొత్తవాళ్లు చాలామంది వెంటనే లినక్స్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధపడతారు. నిన్నటిదాకా బాగా పనిచేసిన కెర్నెల్ డిస్కులో ఉంటే ఆ అవస్థే అక్కర్లేదు. హార్డ్‌వేర్‌ను నడిపేది కెర్నెలే కాబట్టి, కొత్తది మీ ల్యాప్‌టాప్‌కు పడకపోతే పాతదాంతో బూట్ చేసి పని కానిచ్చుకోవచ్చు.

ఉబుంటు 24.04నే ఉదాహరణగా తీసుకుందాం. కమాండ్లు పలికే తీరున రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ముందు ‘యూనేమ్ -ఆర్’ కొట్టండి. 6.8.0-31-జెనరిక్ లాంటి పేరొకటి వస్తుంది. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ అదే. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.

తర్వాత ‘డీఎఫ్ -హెచ్ /బూట్’తో ఖాళీ ఎంతుందో చూడండి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లకు ఈ బూట్ విడి పార్టిషన్‌గా, చిన్నదిగా ఉంటుంది. అది నిండితే కొత్త కెర్నెల్ ఇన్‌స్టాలేషన్ మధ్యలోనే ఆగిపోవచ్చు. అక్కడి ఫైళ్లను చేత్తో చెరిపేయకండి. ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’ అక్కర్లేని కెర్నెళ్లను తీసేస్తుంది, నడుస్తున్నదాని జోలికి పోదు.

అసలు పని ఇప్పుడు. ఉబుంటు కొత్త కెర్నెల్‌ను పాతదాని పక్కనే పెడుతుంది, కానీ మరో రెండు అప్‌డేట్లు వచ్చేసరికి ఇదే ఆటోరిమూవ్ పాతదాన్ని ఊడ్చేయొచ్చు. అలా జరగకుండా ‘సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ లినక్స్-ఇమేజ్-6.8.0-31-జెనరిక్’ అని కొట్టండి. అంకెలు మీవి వేసుకోండి. ఇక్కడితో ఆగిపోతే సగం పనే అయినట్టు. వైఫై, సౌండ్ డ్రైవర్లలో చాలావరకు లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. అదే అంకెలున్న ఆ ప్యాకేజీని కూడా ఇలాగే మార్క్ చేయండి. లేకపోతే అవసరం పడిన రోజున పాత కెర్నెల్ బూట్ అవుతుంది గానీ నెట్ రాదు.

ఇక ఆ కెర్నెల్‌ను ఎంచుకునే గ్రబ్ మెనూ. ఉబుంటు ఒక్కటే ఉన్న కంప్యూటర్లలో ఇది మామూలుగా కనబడదు. ‘సుడో నానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’తో ఫైలు తెరిచి, టైమౌట్ స్టైల్ దగ్గర హిడెన్ తీసి మెనూ అని, టైమౌట్ దగ్గర 10 అని పెట్టండి. సేవ్ చేశాక ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ మరిచిపోవద్దు.

ఇప్పుడు అప్‌గ్రేడ్ కానివ్వండి. అంతా సవ్యంగా ఉన్నా సరే, ఒకసారి రీస్టార్ట్ చేసి ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు’లోకి వెళ్లి, రికవరీ మోడ్ అని లేని పాత కెర్నెల్ వరసను ఎంచుకోండి. కాగితం మీది పేరే ‘యూనేమ్ -ఆర్’లో వచ్చిందా, వైఫై పనిచేస్తోందా చూడండి. ఈ పరీక్ష చేయనిదే పాత కెర్నెల్ ఉందని ధీమాగా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇది మీ ఫొటోలకూ ఫైళ్లకూ బ్యాకప్ కాదు. అది వేరే డిస్కులోకి విడిగా తీసుకోవాల్సిందే. 22.04 నుంచి 24.04కు మారినప్పుడు పాత కెర్నెల్‌తో బూట్ చేసినా మిగతా సాఫ్ట్‌వేర్ వెనక్కి రాదు.

కొత్త కెర్నెల్‌తో కొన్ని వారాలు గడిచి, ల్యాప్‌టాప్ మూసి తెరిచినా, ప్రొజెక్టర్ తగిలించినా ఇబ్బంది లేదనిపిస్తే, ఆ రెండు ప్యాకేజీలనూ ‘ఆప్ట్-మార్క్ ఆటో’ చేసేయండి. సమయం వచ్చినప్పుడు ఆటోరిమూవ్ వాటిని తీసేస్తుంది.