చేయి తిరగాలంటే... రోజుకు పావుగంట బొమ్మల సాధన



"చేయి తిరిగిన మనిషి" అని మన పెద్దలు అంటుంటారు. వంట కావచ్చు, తాపీ పని కావచ్చు, కుట్టుపని కావచ్చు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసిన చేతికే ఆ పేరు వస్తుంది. బొమ్మ గీయడం కూడా అటువంటి పనే. కానీ దాన్ని మాత్రం పుట్టుకతో వచ్చే వరమని అనుకుంటాం.

నిజానికి మనమంతా చిన్నప్పుడు బొమ్మలు గీసినవాళ్లమే. పలక మీద, గోడ మీద, నోటుబుక్కు వెనక పేజీలో నెమళ్లు, బస్సులు, సినిమా హీరోలు గీశాం. ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి ఆపేశాం. తర్వాత పదో తరగతి, ఇంటర్, మార్కులు, ర్యాంకులు. ఇప్పుడు పెన్సిల్ పడితే గీత వణుకుతుంది. "నాకు బొమ్మలు రావు" అని ఒక్కమాటతో తేల్చేస్తాం. రాకపోవడం వేరు, మానేయడం వేరు. మానేసిన చేతిని మళ్లీ ఎలా దారిలో పెట్టాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మ మనకెందుకు?

"బొమ్మలు కూడు పెడతాయా?" అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పుకుందాం.

జీవశాస్త్రం పరీక్షలో పటానికి మార్కులుంటాయి. సైన్సు గ్రూపులో చేరితే రికార్డు నిండా పటాలే. బొమ్మ రానివాడు డబ్బులిచ్చి వేరేవాళ్లతో గీయిస్తాడు. డబ్బులు లేనివాడు మార్కులు వదులుకుంటాడు. హాస్టల్ పిల్లలం మనం ఏ వైపు ఉంటామో చెప్పనవసరం లేదు. అందుకే ఈ విద్య మనకే ఎక్కువ అవసరం.

ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు ఉంది. ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే టెక్నికల్ పరీక్షల్లో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ ఉన్నాయి. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షలో జ్ఞాపకం నుంచి బొమ్మ గీయడం ఒక భాగం.

అన్నిటికన్నా పెద్ద లాభం మరొకటి. బొమ్మ గీస్తే చూడడం వస్తుంది. నేను చదివేది వృక్షశాస్త్రం. మైక్రోస్కోప్ కింద కాండం అడ్డుకోతను ఊరికే చూస్తే అంతా ఒక జల్లెడలా కనిపిస్తుంది. గీయడం మొదలుపెట్టాకే ఏ కణం పెద్దది, ఏది చిన్నది, ఏ వరుస ఎక్కడ ఆగింది అన్నది తెలుస్తుంది. నాడీకణాల నిర్మాణాన్ని తెలిపినందుకు 1906లో నోబెల్ బహుమతి పంచుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ చిన్నతనంలో చిత్రకారుడు కావాలనుకున్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. వైద్యం చదివాడు కానీ గీయడం మానలేదు. మైక్రోస్కోప్‌లో చూసినదాన్ని ఆయన గీసిన చిత్రాలను నేటికీ పుస్తకాల్లో ముద్రిస్తున్నారు.

సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తే చాలదా అని అడగవచ్చు. ఫొటో ఫోన్‌లో ఉంటుంది. గీసిన బొమ్మ తలలో ఉంటుంది.

ఇంట్లోనే ఉన్న గురువు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. మా అమ్మ బడికి పోలేదు. కానీ తెల్లవారక ముందే వాకిలి చల్లి చుక్కలు పెట్టి, చెయ్యెత్తకుండా ముగ్గు వేస్తుంది. స్కేలు లేదు, రబ్బరు లేదు. అయినా గీత వంకర పోదు, ఎడమ సగం, కుడి సగం సరిగ్గా కలుస్తాయి. మీ ఇళ్లలోనూ అంతే.

ముగ్గులో సాధన రహస్యమంతా ఉంది. ఒకటి, అది రోజూ జరుగుతుంది. రెండు, ఒకే సమయానికి జరుగుతుంది. మూడు, నిన్నటి ముగ్గు చెరిగిపోయిందని ఎవరూ ఏడవరు, ఈ రోజు కొత్తది వేస్తారు. నాలుగు, బాగా రాలేదని రేపటి ముగ్గు మానేయరు. ఈ నాలుగు సూత్రాలూ పెన్సిల్‌కు వర్తింపజేస్తే చాలు.

కన్ను పెరిగింది, చెయ్యి ఆగింది

చాలాకాలం తర్వాత గీసిన మొదటి బొమ్మ చూస్తే సిగ్గేస్తుంది. దానికి కారణం ఉంది. మనం గీయడం మానేసినా మన కన్ను చూడడం మానలేదు. ఇన్నేళ్లుగా ఎన్నో మంచి బొమ్మలు చూసి అది డిగ్రీకి వచ్చింది. చెయ్యి మాత్రం ఏడో తరగతిలోనే ఉంది. అందుకే చేతి పని కంటికి నచ్చదు. తప్పు కనిపిస్తోందంటే కన్ను బాగా పనిచేస్తోందని అర్థం. చెయ్యి దాన్ని అందుకునే వరకు ఓపిక పట్టాలి. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

హాలండ్‌కు చెందిన విన్సెంట్ వాన్ గో చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నది 1880లో, 27వ ఏట. అప్పుడాయన చేసిన మొదటి పని, బొమ్మలు నేర్చుకునేవారి కోసం అచ్చువేసిన బార్గ్ అభ్యాస పటాలను ఒక్కొక్కటిగా చూసి గీయడం. 1890లో చనిపోయేలోగా 800కు పైగా తైలవర్ణ చిత్రాలు వేశాడు.

అంత దూరం పోనక్కరలేదు. మన సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య గారు (1925–2012) బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు, పల్లె మనుషులనే జీవితమంతా గీశారు. రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశారు. ఆ కొద్దికాలంలో గీసిన బొమ్మలతో ఆ ఊళ్లో ఆయన పేరిట చిత్రశాలే ఉంది. కళ్లముందున్నదాన్ని గీయడానికి వేరే ఊరు పోవలసిన పని లేదని వీరి జీవితాలు చెబుతున్నాయి.

కావలసిన సామాను

రెండు పెన్సిళ్లు చాలు: ఒకటి హెచ్‌బి, ఒకటి 4బి. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైట్, బంకమట్టి కలిపిన ముద్ద. 1795లో ఫ్రాన్సుకు చెందిన కోంటే ఈ పద్ధతి కనిపెట్టాడు. మట్టి ఎక్కువైతే ముల్లు గట్టిగా, గీత లేతగా ఉంటుంది. గ్రాఫైట్ ఎక్కువైతే ముల్లు మెత్తగా, గీత నల్లగా వస్తుంది.

డ్రాయింగ్ బుక్ కొనాల్సిన పని లేదు. పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు, ఒకవైపే అచ్చయిన జిరాక్స్ కాగితాలు కలిపి దారంతో కుట్టుకోండి. ఖరీదైన పుస్తకమైతే పాడవుతుందన్న భయంతో గీయలేం. రబ్బరును మొదటి నెల ట్రంకు పెట్టెలోనే ఉంచండి.

నాలుగు వారాల పాఠం

మొదటి వారం – గీతలు: స్కేలు లేకుండా అడ్డగీతలు, నిలువుగీతలు, సున్నాలు, డబ్బాలు పేజీ నిండా గీయాలి. మణికట్టు ఒక్కటే కాకుండా మోచెయ్యి, భుజం కూడా కదలాలి. పొడవు గీత వణకకుండా రావడానికి ఇదే మార్గం.

రెండో వారం – వస్తువులు: మన గదిలో ఉన్నవే. స్టీలు గ్లాసు, పళ్లెం, బకెట్, చెప్పులు, తాళం. గ్లాసును నేల మీద పెట్టి నిలువునా పైనుంచి చూస్తే మూతి గుండ్రంగా ఉంటుంది. బల్ల మీద పెడితే నొక్కినట్లుగా దీర్ఘవృత్తమవుతుంది. కంటి ఎత్తుకు లేపితే ఒక్క గీతే కనిపిస్తుంది. గ్లాసు మూతి గుండ్రమని మనకు తెలుసు కాబట్టి గుండ్రంగా గీసేస్తాం. తెలిసింది కాదు, కనిపించింది గీయాలి. ఈ పాఠం మొత్తానికి ఇదే ప్రాణం. కొలత కోసం చెయ్యి చాపి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలితో వస్తువు ఎత్తును గుర్తించండి. అదే కొలతతో వెడల్పు ఎంతో చూడండి. బకెట్ పిడి కుదరకపోతే పిడికీ అంచుకూ మధ్య ఉన్న ఖాళీని గీయండి. పిడి దానంతటదే వస్తుంది.

మూడో వారం – వెలుగునీడలు: ఒకవైపు నుంచి వెలుతురు పడేలా వస్తువును పెట్టండి. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు పోయి వెలుగు, మసక, చీకటి, నేల మీద నీడ అని నాలుగు భాగాలు తేలుతాయి. ఆ నాలుగింటినే నింపండి.

నాలుగో వారం – మనుషులు: అన్నం లైనులో నిలబడినవాళ్లు, వాలీబాల్ ఆడేవాళ్లు, పుస్తకం మీదే నిద్రపోయేవాళ్లు. ఒక్కో బొమ్మకు ఒక్క నిమిషమే. కళ్లు, ముక్కు వద్దు. వెన్ను ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది అన్నది చాలు.

ఆదివారం ఘట్‌కేసర్‌లో

ఆదివారం గంటసేపు బయటకు వెళ్లండి. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే, ఎప్పటికీ కలవని రెండు పట్టాలు దూరాన ఒక బిందువు దగ్గర కలిసినట్లుంటాయి. అదే దృక్కోణ పాఠం. పట్టాల మీదికి మాత్రం దిగవద్దు. ఏదులాబాద్ చెరువు వైపు వెళితే నీళ్లలో ఆకాశం నీడ గీయవచ్చు. దూరాన ఉన్నవి లేతగా, దగ్గర ఉన్నవి ముదురుగా కనిపించడం అక్కడ గమనించండి. కాజీపేట వైపు రైల్లో బీబీనగర్ దాటి పోతే భువనగిరి ఏకశిల గుట్ట ఉంది. ఒకే రాయి గుండ్రని ఆకారం మీద వెలుగునీడలు నేర్చుకోవడానికి అంతకన్నా మంచి నమూనా దొరకదు. ఉప్పల్ బస్సు కోసం ఎదురుచూసే పది నిమిషాలూ బడే.

అలవాటు నిలబడాలంటే

1. సమయం మార్చవద్దు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పావుగంట అనుకుంటే రోజూ అదే పావుగంట.
2. ప్రతి పేజీ మీద తేదీ వేయండి. ఏ పేజీనీ చింపవద్దు.
3. పరీక్షల రోజుల్లో ఐదు నిమిషాలు చాలు. పూర్తిగా మానవద్దు. ఒకరోజు తప్పితే మరునాడు రెండు బొమ్మలు గీసి సరిచేయాలనుకోకండి. ఒకటే గీయండి.
4. ఒక్కడివే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి గీయండి. ఒకే గ్లాసును ముగ్గురు గీస్తే మూడు రకాలుగా వస్తుంది.
5. నెలకొకసారి మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. రోజూ చూస్తే తేడా తెలియదు.

రోజుకు పావుగంట అంటే నెలకు ఏడున్నర గంటలు, ఏడాదికి 91 గంటలు. ఇంత సమయం మన హాస్టల్లో క్యారమ్ బోర్డు చుట్టూ నిలబడి ఆట చూడడానికే పోతుంది.

తమ్ముళ్లారా, అందరం చిత్రకారులం కాకపోవచ్చు. కానీ రికార్డు గీయించుకోవడానికి ఒకరి ముందు చెయ్యి చాపే అవసరం రాకూడదు. మన ఊరిని, మన అమ్మ పనిచేసే చేతులను మనమే కాగితం మీద పెట్టగలగాలి. ఈ సంచిక మూసి పక్కన పెట్టగానే ఎదురుగా ఏ వస్తువు ఉంటే అదే మీ మొదటి పాఠం. తేదీ వేసి మొదలుపెట్టండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం)