రాగాల పట్టిక తీసేయండి, గది ఫోటో పెట్టండి

విశాఖలో, గాజువాకలోనో ఎంవీపీ కాలనీలోనో ఓ గది అద్దెకు తీసుకుని మ్యూజిక్ థెరపీ మొదలుపెట్టినవాళ్లు వెబ్‌సైట్ అనగానే ముందు లోగో గురించీ, వీణ బొమ్మ గురించీ ఆలోచిస్తారు. మీ దగ్గరికి రావాల్సినవాళ్లు మాత్రం 'మ్యూజిక్ థెరపీ' అని వెతకరు. సి షిఫ్టు దిగొచ్చిన స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఫోన్‌లో కొట్టేది 'మూడేళ్ల బాబుకి మాటలు రావట్లేదు వైజాగ్' అని. పక్షవాతంతో నాన్న మాట పడిపోయిన కూతురూ, మతిమరుపు ముదిరిన అత్తగారిని చూసుకుంటున్న కోడలూ అంతే, వాళ్ల కష్టాన్నే టైపు చేస్తారు. అందుకని మొదటి పేజీ పై భాగంలోనే ఎవరికోసం, ఎక్కడ, ఏ నంబరుకి ఫోన్ చేయాలి అన్నవి కనపడాలి. నాదం గొప్పతనం గురించిన వాక్యాలు కిందికి దింపండి. తీసేసినా నష్టం లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. జబ్బు పేరు రాయకపోతే వాళ్లకి మీరు దొరకరు. రాసి, నయం చేస్తామంటే అబద్ధమవుతుంది. మనవైపు రెండో తప్పే ఎక్కువ. బాలమురళీకృష్ణ అంతటివారు సంగీత చికిత్స మీద ఆసక్తి చూపారు కాబట్టి తెలుగువాళ్లకి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. ఆ చనువుతోనే ఫలానా రాగం బీపీకి, ఫలానా రాగం షుగరుకి అంటూ పట్టికలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అలాంటిది మీ సైట్‌లో ఉంటే ఈరోజే తీసేయండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో షుగరు, బీపీ, మూర్ఛ, పక్షవాతం, క్యాన్సర్ అన్నీ ఉన్నాయి. మందులతోనో, తాయెత్తులూ మంత్రాలతోనో వాటిని నయం చేస్తామని ప్రకటించకూడదు. రాగం ఆ చట్టం కిందికి వస్తుందో రాదో లాయర్లు తేల్చుకుంటారు గానీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవలకూ వర్తిస్తుంది, తప్పుదోవ పట్టించే ప్రకటనలను అది ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా, కేజీహెచ్‌లోనో చినవాల్తేరు మానసిక వైద్యశాలలోనో పనిచేసే డాక్టరు ఆ పట్టిక చూశాక మీ దగ్గరికి పేషెంటుని పంపుతారని నేననుకోను.

మరి ఏం రాయాలి? పరిశోధన చెప్పినంత రాయండి. ఆటిజం విషయమే తీసుకుంటే, 2022 నాటి కాక్రేన్ సమీక్ష 26 అధ్యయనాలను, 1,165 మందిని లెక్కలోకి తీసుకుంది. మొత్తమ్మీద మెరుగుదల, జీవన నాణ్యత, లక్షణాల తీవ్రత విషయంలో మేలు జరిగే అవకాశం ఉందంది. మాటల్లో తేడా వచ్చిందనడానికి మాత్రం స్పష్టమైన ఆధారం దొరకలేదంది. అంతకుముందు 2017లో, 9 దేశాల్లో 364 మంది పిల్లలపై జరిగిన పెద్ద పరీక్షలో లక్షణాల తీవ్రత చెప్పుకోదగినంత తగ్గలేదు. తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేదేమో మాటల గురించే. కాబట్టి సైట్‌లో ఇలా రాయొచ్చు: 'మాటలు వస్తాయని మేము హామీ ఇవ్వం. వంతులవారీగా వాయించడం, పిలిస్తే తలతిప్పి చూడటం, కాసేపు ఒకచోట కూర్చోవడం లాంటి లక్ష్యాలు మీతో కూర్చుని పెట్టుకుంటాం. స్పీచ్ థెరపీ మాన్పించకండి. వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోతే ముందు అది చేయించండి.' ఇది చదివి వెనక్కి వెళ్లేవాళ్లు ఉంటారు, వెళ్లనివ్వండి. ఉండేవాళ్లు మూడో నెలలో వచ్చి గొడవపెట్టుకోరు.

మీ అర్హత గురించి కూడా ఇంతే నిక్కచ్చిగా రాయాలి. కర్ణాటక సంగీతంలో డిప్లొమా వేరు, థెరపీలో శిక్షణ వేరు. ఎక్కడ, ఎంతకాలం, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకున్నారో చెప్పండి.

సైట్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చే పేజీ ఇంకొకటి ఉంది, దాన్ని పెట్టేవాళ్లు తక్కువ. కొత్త చోటంటే బెంబేలెత్తే పిల్లవాడికి ముందురోజు రాత్రే ఫోన్‌లో చూపించే బొమ్మల వరస అది. వీధిలోంచి బిల్డింగు, మెట్లు లేదా లిఫ్టు, చెప్పులు విడిచే చోటు, తలుపు, లోపల చాప, దాని మీద కంజీర, గిలక్కాయలు, చిన్న కీబోర్డు, చివర నవ్వుతూ మీరు. ఒక్కో ఫోటో కింద ఒక్కో చిన్న మాట: 'ఇక్కడ చెప్పులు విప్పుతాం.' 'ఇది గట్టిగా మోగుతుంది, వద్దంటే పక్కన పెట్టేస్తాం.' ఫోటోగ్రాఫరు అక్కర్లేదు, పగటి వెలుతురులో మీ ఫోన్‌తోనే తీయొచ్చు. చక్రాల కుర్చీలో పెద్దాయన్ని తీసుకురావాలనుకునేవాళ్లకీ ఆ మెట్ల ఫోటో పనికొస్తుంది.

సెషన్‌లో పిల్లల వీడియోలు మాత్రం పెట్టొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అనుమతి ఇచ్చినా నేను వద్దనే అంటాను, మొహమాటానికి సరేనన్నవాళ్లే ఎక్కువుంటారు. పేరు మార్చినా దాగదు. స్టీల్‌ప్లాంటు వాళ్లుండే ఉక్కునగరంలో సెక్టారు, బడి, వయసు చెబితే ఆ పిల్లవాడెవరో పక్క క్వార్టరువాళ్లు చెప్పేస్తారు.

పేజీ తెరవగానే వేణునాదం మోగాలని చాలామందికి సరదా. 2018 నుంచి క్రోమ్ అలా తనంతట తాను మోగే శబ్దాన్ని చాలావరకు ఆపేస్తోంది, అదీ మంచికే. శబ్దం పడని పిల్లవాడు అమ్మ ఒళ్లో కూర్చుని ఉండొచ్చు. నొక్కితేనే మోగే అరనిమిషం నమూనా చాలు, అదీ మీరే వాయించినది. సెషన్‌లో తాతగారితో కలిసి ఘంటసాల పాట పాడుకోవచ్చు గానీ, ఆయన పాడిన రికార్డును సైట్‌లోకి ఎక్కిస్తే కాపీరైట్ సమస్య రావొచ్చు.

తెలుగు అక్షరాల దగ్గర ఓ జాగ్రత్త. కరపత్రం కోసం డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంటులో కొట్టినది సైట్‌లో అతికిస్తే చెత్త అక్షరాలు పడతాయి. దాన్ని బొమ్మగా మార్చి పెడితే గూగుల్‌కి ఆ మాటలు సరిగా అందవు, చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో కొత్తగా టైపు చేయించండి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకి పెట్టినదానికంటే పెంచమనండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. నేవీ కుటుంబాలు చాలా ఉన్న ఊరు కాబట్టి ఇంగ్లీషు, హిందీ పేజీలు కూడా పెట్టుకుంటే మంచిది.

ఫీజు దాచొద్దు. 'ఫోన్ చేసి కనుక్కోండి' అని ఉంటే సగంమంది చేయరు. కంపెనీ మెడికల్‌లో వస్తుందా అని అడుగుతారు. రసీదు ఇస్తాం, వచ్చేదీ రానిదీ మీ ఆఫీసులో అడగండి అని ముందే రాసేయండి. షిఫ్టుల ఊరిది, వారం వారం వేళ మారేవాళ్లకి స్లాటు మార్చుకునే వీలుందో లేదో చెప్పండి. వాట్సాప్ బటన్ తప్పనిసరి. 'మేడమ్, బాబుకి నాలుగేళ్లండి, పిలిస్తే పలకడండి' అని అర్ధరాత్రి వచ్చే మెసేజీకి మర్నాడు ఎన్నింటిలోపు జవాబిస్తారో కూడా అక్కడే ఉండాలి.

సైట్ ఎవరు కట్టినా డొమైన్ మీ పేరుమీద, మీ మెయిల్‌తో, మీ డబ్బుతోనే కొనండి. పాస్‌వర్డు మీ దగ్గర ఉంచుకోండి, రెన్యువల్ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. గూగుల్ మ్యాప్‌లో గుర్తు పెట్టాక, ఎన్ఏడీ జంక్షన్ వైపు నుంచి ఎవరినైనా దారి చెప్పకుండా రమ్మనండి. వాళ్లు ఎక్కడ ఆగి మీకు ఫోన్ చేశారో, ఆ మలుపు పేరు చిరునామాలో చేర్చండి.